వడ తిన్నవాళ్లకు పది నిమిషాలు

ఆయన పోయాడని బళేపేట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు కింద ఉన్న అద్దాల కాఫీ షాపులో వరసలో నిలబడి ఉన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని ముందుకు జరిగితే కౌంటర్లో పిల్ల నవ్వుతూ అడిగింది.

"కాఫీతో పాటు తినడానికి ఏమైనా తీసుకుంటారా సార్? పఫ్, శాండ్‌విచ్, బ్రౌనీ?"

పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. అలా అడగమని వాళ్లకు ముందే నేర్పి పెడతారు. కాఫీ ఒక్కటే అమ్మితే అద్దె కూడా గిట్టదు, పక్కన ఏదో ఒకటి తినిపిస్తేనే నాలుగు డబ్బులు మిగులుతాయి అనే సంగతి ఇప్పుడు ఎవరికైనా తెలుసు. ఆయనకూ తెలుసు. తెలిసి, ఒప్పుకుని, కాఫీ పక్కన తిండి పెట్టి, దాంతో ఉన్న బేరం కూడా పోగొట్టుకోవడం ఎలాగో కనిపెట్టిన మనిషి మాత్రం నేను చూసినంతలో ఆయన ఒక్కడే.

తొంభైల మొదట్లో నేను ఒంగోలు నుంచి వచ్చి బళేపేటలో ఒక గాజుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా చేరాను. మా కొట్టుకు నాలుగు గడపల అవతల ఆయన కాఫీ అంగడి. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేవి. కుర్చీల్లేవు, బల్లల్లేవు. ఒక పెద్ద ఇత్తడి ఫిల్టరు, ఒక పాల గిన్నె, ఒక స్టవ్వు, ఆయన. వెనక ఒక తెర, తెర వెనక ఇల్లు. ఇంట్లో ఆయన, ఆయన భార్య, అంతే. వంటింటి కిటికీ వెనక సందులోకి తెరుచుకునేది. కథంతా ఆ కిటికీ దగ్గరే తిరుగుతుంది కాబట్టి దాన్ని కాస్త గుర్తుంచుకోండి.

నాలుగు తరాల కింద మగ్గాలు పట్టుకుని బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లు వాళ్లు. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. నా తెలుగు వింటే ఆయనకు నవ్వు. "ఏమండీ గిమండీ అంటావు, మీ ఊర్లో ఇట్లే పాట పాడినట్ల మాట్లాడతారా అప్పా?" అనేవాడు. ఆయన "ఉండాది", "ఉండాడు" వింటే నాకూ నవ్వొచ్చేది గానీ, చేతిలో కాఫీ ఆయనది కాబట్టి నవ్వేవాణ్ణి కాదు.

పొట్టి మనిషి. ఆ మొహానికి ఆ ముక్కు ఎక్కువ. ఆ ముక్కు కోసమే ఆయన బతుకు నడిపేవాడు. తలకు నూనె రాసేవాడు కాదు, కాఫీకి అంటుతుందని. అంగడిలో దేవుడి పటానికి అగరొత్తి పొద్దున వెలిగించేవాడు కాదు, సాయంత్రం మూసేటప్పుడే. "దేవునికి తొందర ల్యా. నాకుండాది" అనేవాడు. మల్లెపూలు పెట్టుకున్న ఆడవాళ్లు వస్తే గ్లాసు తీసుకెళ్లి మెట్టు కింద ఇచ్చేవాడు. బీడీ ఆర్పేసి వచ్చిన హమాలీతో "ఆర్పితే చాలదప్పా, పోయి స్వల్ప గాలికి నిలబడి రా" అనేవాడు. పాల బిందె మూత తీయకముందే "ఈ పొద్దు వేరే ఆవుది" అంటే పాలాయన తల గోక్కునేవాడు. నిజమే మరి!

కాఫీ మాత్రం, చెప్పాలంటే, అమృతం. నేను ఒంగోల్లో పుట్టి టీ తాగి పెరిగినవాణ్ణి. నా చేత కాఫీ పట్టించింది ఆయనే.

అలా ఉండగా వీధి మొదట్లో ఒక దర్శిని పెట్టారు. నిలబడి తినే హోటలు. రెండు ఇడ్లీ, ఒక వడ, ఒక కాఫీ, అయిదు నిమిషాల్లో అన్నీ ముగించుకుని పోవచ్చు. జనం అక్కడికి తిరిగారు. అదే ఏడు అంగడి యజమాని అద్దె పెంచుతానన్నాడు, ఇవ్వలేకపోతే ఖాళీ చేయమన్నాడు. మా కాఫీ ఆయన గ్లాసుల కేసి చూస్తూ కూచున్నాడు. ఆయన భార్య కూచోలేదు. నేనప్పుడు అంగడి ముందే ఉన్నాను, తెర వెనక మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"కాఫీ తాగితే కడుపు నిండుతుందా? జనం తిన్న చోటే తాగుతారు. నేను వడలు చేస్తా, నువ్వు అమ్ము."

"నా అంగట్లో నూనె వాసనా?"

"సరే, వద్దు. వచ్చే నెల అంగడే ఉండదు. అప్పుడు ఏ వాసనా ఉండదు, హాయిగా ఉండు."

ఆయన రెండు రోజులు ససేమిరా అన్నాడు. మూడో రోజు ఒప్పుకున్నాడు, రెండు షరతుల మీద. ఒకటి, వడ అంగట్లోకి రాకూడదు, వెనక కిటికీలో నుంచి ఆవిడే అమ్ముకోవాలి. రెండు, వడ తిన్నవాడికి పది నిమిషాల దాకా కాఫీ ఇచ్చేది లేదు.

"నాలుక మీద నూనె ఉండంగా కాఫీ పోస్తే అది కాఫీ కాదప్పా, ఉడుకు నీళ్లు" అన్నాడు నాతో. "నీళ్లు పుక్కిలించాల, పది నిమిషాలు ఆగాల. నాలుక తేటపడుతుంది. అప్పుడు ఇస్తా."

"అన్నా, వడ పెట్టిందే కాఫీ అమ్ముడుపోవడానికి కదా?" అన్నాను.

"వడ వడే, కాఫీ కాఫీనే" అన్నాడు. అయిపోయింది, ఇక దాని మీద చర్చ లేదు.

ఇక ఆవిడ వడల గురించి. వీధిలో అందరం ఆవిడని అక్క అనేవాళ్లం. శనగపప్పు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, వాటి నిండా సబ్బసిగె ఆకు. బెంగళూరు వాళ్లు వడల్లో వేసుకునే ఆకుకూర అది. దాని ఘాటు నోట్లోంచి మధ్యాహ్నం దాకా పోదు. ఇన్ని కూరలుండగా ఆవిడ దాన్నే ఎందుకు ఎంచుకుందో నాకు ఇప్పటికీ అనుమానమే. పది రోజుల్లో వెనక సందులో మనుషులు కిటకిటలాడిపోయారు. వడలు తిన్నారు, చేతులు తుడుచుకున్నారు, చుట్టు తిరిగి ముందుకొచ్చి కాఫీ అడిగారు.

"ఊదప్పా" అన్నాడు ఆయన.

ఊదితే ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసేవాడు. తాగి బండి నడిపే వాళ్లను పోలీసులు ఆపడం చూశాను గానీ, వడ తిని కాఫీ తాగబోయే వాళ్లను ఆపడం అక్కడే చూశాను. "సబ్బసిగె వడ. రెండు తిన్నావు. పది నిమిషాలు ఆగు." పది నిమిషాలు ఎవడాగుతాడు? మూటలు దించాల్సిన హమాలీలు, యజమాని అరుస్తుంటే పరిగెత్తే గుమాస్తాలు. నేరుగా పోయి దర్శినిలో కాఫీ తాగేవాళ్లు. అంటే అక్క వేయించిన వడలు తిని జనం దర్శిని వాడి కాఫీ బేరం పెంచారన్నమాట. దర్శిని వాడు ఒకసారి నాతో, ఆ వడల అక్క చల్లగా ఉండాలి అన్నాడు. వాడి కృతజ్ఞత నిజమైనదే.

ఎదురుగా ఇనుప సామాన్ల శెట్టిగారు ఉండేవారు. వడా కావాలి, ఆయన కాఫీయే కావాలి, పది నిమిషాలు ఆగడం మాత్రం కుదరదు. ఒకరోజు రెండు లవంగాలు నమిలి వచ్చి గట్టిగా ఊదారు. ఆయన కళ్లు మూసుకుని పీల్చాడు.

"లవంగం" అన్నాడు.

"పంటినొప్పి" అన్నారు శెట్టిగారు.

"వడ తిన్నోనికే పంటినొప్పి వచ్చేది ఈ బీదిలో. పదిహేను నిమిషాలు."

అయిదు నిమిషాలు అబద్ధానికి. అప్పటినుంచీ కొత్తగా వచ్చినవాళ్లు అది "ఊదప్పా కాఫీ" అనే అంగడనీ, ఆయన పేరు ఊదప్ప అనీ అనుకునేవాళ్లు. అక్క వడల పుణ్యాన అద్దె ఎలాగో గడిచేది, కాఫీ మాత్రం వచ్చే నెల ఉంటుందో లేదో అన్నట్టే నడిచేది.

రెండువేల సంవత్సరం దాటాక నాకు వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మెయింటెనెన్స్ ఉద్యోగం దొరికింది. వర్తూరులో ఇల్లు తీసుకున్నాను. మా కంపెనీ కింద అంతస్తులో ఒక చిన్న కాఫీ కౌంటర్ పెట్టించాలనుకుంటున్నారని తెలిసి, మూడు వేలమంది కాఫీ తాగే చోటు కదా, ఆయన కష్టం తీరుతుందని నేనే వెళ్లి మాట్లాడి, ఆయన్ని ఫిల్టరుతో సహా తీసుకెళ్లాను. చేసిన మంచిపనికి నన్ను నేనే మెచ్చుకుంటూ కూచున్నాను.

మేనేజరమ్మ మన తెలుగమ్మాయే, విజయవాడ. "అంకుల్, కాఫీ ఓకే, స్నాక్స్ ఏముంటాయి? ఓన్లీ కాఫీ అంటే వర్కవుట్ కాదు కదా. ఒక కాంబో లాగా పెడితే బెటర్" అంది.

"ముందు తాగి చూడు తల్లీ" అని గ్లాసులో పోశాడు. ఆ అమ్మాయి చెయ్యి చాపింది. ఆయన గ్లాసు వెనక్కి లాక్కున్నాడు.

"ఊదమ్మా" అన్నాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ?"

"పిప్పరమెంటు నమిలినావు. పది నిమిషాలు ఆగితే ఇస్తా."

ఆ అమ్మాయికి పది నిమిషాల్లో మీటింగు ఉంది. మీటింగుకు వెళ్లింది, మళ్లీ రాలేదు. నాకు మాత్రం మర్నాడు పిలుపొచ్చింది. ఏమేం అన్నారో ఇక్కడ రాయను. బస్సులో తిరిగొస్తూ ఆయన ఫిల్టరును ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, "చదువుకున్న బిడ్డ. ఆ వయసుకే నాలుక చచ్చిపోయుండాది, పాపం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన జాలి చూస్తే ఇంకా మండింది.

అయినా శనివారాలు వదల్లేకపోయాను. రెండు బస్సులు మారి బళేపేట వెళ్లడం, కిటికీ దగ్గర రెండు వడలు తినడం, చుట్టు తిరిగి వచ్చి ఊది, పది నిమిషాలు నిలబడటం.

తర్వాత ఒక వానాకాలం ఆయనకు విషజ్వరం వచ్చింది. మూడు వారాలు అంగడి మూసేశాడు. తెరిచాక నేను వెళ్లిన మొదటి శనివారం మామూలుగానే రెండు వడలు తిని, పుక్కిలించడం కూడా మర్చిపోయి, ముందుకొచ్చి ఊదాను. ఆయన కళ్లు మూసుకుని పీల్చాడు.

"ఏమీ తినలే. మంచిది. తీసుకో" అన్నాడు.

నోట్లో ఇంకా పచ్చిమిరపకాయ మండుతోంది నాకు. జ్వరం తగ్గింది కదా, కాస్త మెత్తబడ్డాడేమో అనుకుని నవ్వబోయాను. తెర పక్క నుంచి అక్క నా వైపే చూస్తోంది. పెదాల మీద వేలు పెట్టుకుంది.

జ్వరం ఆయన ముక్కును పట్టుకుపోయింది. వారంలో వీధి వీధంతటికీ తెలిసింది, ఆయనకు తప్ప. ఎవరు నిర్ణయించారో తెలియదు గానీ ఎవరూ చెప్పలేదు. అందరూ వడలు తిన్నారు, అందరూ వచ్చి భక్తిగా ఊదారు, అందరూ నెగ్గారు. పది నిమిషాల నియమం ఉన్నట్టే ఉండి మాయమైంది. దర్శిని దాకా వెళ్లే పని తప్పింది. కాఫీ పక్కన తిండి పెడితే బేరం పెరుగుతుందన్న అక్క మాట ఏళ్ల తర్వాత, ఆ ముక్కు పోయాక, అక్షరాలా నిజమైంది! అద్దె బాధ తీరింది. అంగడికి కొత్త షట్టరు వచ్చింది.

"చూసినావా?" అనేవాడు నాతో గర్వంగా. "జనానికి బుద్ధొచ్చింది. ఒక్కడూ తిని రావడం ల్యా. మరి ఆ వడలన్నీ ఎవురు తింటా ఉండారో, దేవునికే తెలియాల."

మేమంతా తల ఊపేవాళ్లం. ఆయన మీద మాకు ఎంతో జాలి. ఎందుకంటే ముక్కుతో పాటు కాఫీ కూడా పోయింది. చప్పగా, జిడ్డుగా, ఏదో వేడినీళ్లు గొంతులో పోసుకున్నట్టుండేది. శెట్టిగారు నన్ను పక్కకు పిలిచి, "వాసన తెలీకుంటే గింజ ఎట్ల వేపుతాడప్పా? ఊరికే అలవాటు మీద చేస్తా ఉండాడు. మనం తాగకుంటే ఇంకెవురు తాగుతారు?" అన్నారు. నిజమే అనుకున్నాను. మొహం చిట్లించకుండా తాగి, "అబ్బ!" అని గ్లాసు కింద పెట్టేవాణ్ణి. రెండేళ్లు అలా నటించాను. పెద్ద త్యాగం చేస్తున్నట్టు ఉండేది నాకు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గుట్టు బయటపెట్టింది కొత్తగా వచ్చిన సెల్‌ఫోన్ల కొట్టాయన. అతనికేం తెలుసు పాపం. ఒక పొద్దున వచ్చి, "ఏం సార్, పాలు మాడిపోతున్నాయి, బీది చివరి దాకా కంపు కొడతా ఉంది, మీకు తెలియడం లేదా?" అన్నాడట. పక్కనే ఉన్న శెట్టిగారు నాకు చెప్పారు. కాఫీ ఆయన గిన్నెలోకి వంగి చూశాడట. గరిటె పెట్టి అడుగు గీకితే నల్లటి చెక్క పైకొచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. పాలు తీసుకెళ్లి మోరీలో పోసి, షట్టరు దించేశాడు.

అంగడి పోతుందన్న బెంగ ఆయనకు ఎప్పుడో తీరిపోయింది. కానీ ఆ ముక్కు లేకపోతే ఆ వీధిలో ఆయన ఎవరు? పాలు కాచి పోసే మనిషి. అలాంటి వాళ్లు దర్శినిలో నలుగురున్నారు. ఇక ఆయన అంగడి తెరవడనే అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే తెరిచాడు.

ఆ తర్వాతి శనివారం నాకు రక్తపరీక్ష. చక్కెర వ్యాధి ఉందేమో చూస్తామన్నారు. ముందు రోజు సాయంత్రం తిన్నదే, పొద్దున మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా వెళ్లి రక్తం ఇచ్చి, కళ్లు తిరుగుతుంటే నేరుగా ఆయన దగ్గరకే వచ్చాను. కిటికీ వైపు వెళ్లలేదు. ముందు కాఫీ పడితేగానీ ప్రాణం నిలిచేటట్టు లేదు.

"అన్నా, ఒక కాఫీ. తొందరగా."

"ఊదప్పా."

ఊదాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చాడు. ఇంతకు ముందెప్పుడూ అంతసేపు పీల్చలేదు. వీధిలో నలుగురు చూస్తున్నారు, సెల్‌ఫోన్ల కొట్టాయన కూడా.

"సబ్బసిగె వడ" అన్నాడు గట్టిగా. "రెండు. పది నిమిషాలు ఆగు."

"అన్నా, నేను..." అన్నాను. తెర పక్క నుంచి అక్క చూస్తోంది. ఈసారి పెదాల మీద వేలు పెట్టుకోలేదు. రెండు చేతులూ జోడించింది.

వెళ్లి మెట్టు కింద నిలబడ్డాను. అక్కడ అప్పటికే శెట్టిగారు నిలబడి ఉన్నారు.

"మీరూ తిన్నారా?" అన్నాను మెల్లగా.

"శనివారమప్పా. ఈ వారం నుంచి ఒక్కపొద్దు పట్టినా" అన్నారు ఆయన, ఇంకా మెల్లగా. "ఎంగిలి కూడా పడలే. నువ్వు?"

"పరగడుపు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. శెట్టిగారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఆకలికే అనుకున్నాను. పక్కకు వచ్చిన అక్క గ్లాసులు తీస్తున్నట్టు వంగి, "పాలు మాడినప్పటినుంచి దినానికి ఇద్దరు ముగ్గుర్ని ఇట్ల నిలబెడతా ఉండాడు నాయనా. తెలిసినోళ్లనే చూసి నిలబెడతాడు. కోపం చేసుకోవద్దండి" అని వెళ్లిపోయింది. కోపమా! ఎండ నెత్తి మీద కొడుతోంది, కడుపు నకనకలాడుతోంది, ఇంకో గంటైనా నిలబడేవాణ్ణి.

ఆయన గోడ గడియారం చూసుకుని పది నిమిషాలకు, ఒక్క నిమిషం ముందు కాదు, పిలిచాడు. ఇద్దరికీ పోసి ఇచ్చాడు. రెండేళ్ల అలవాటు ప్రకారం "అబ్బ!" అనడానికి మొహం సిద్ధం చేసుకుని ఒక గుక్క తాగాను.

అనలేకపోయాను. ఆ కాఫీ నేను ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో తాగిన కాఫీ. అదే చేదు, అదే కమ్మదనం, గొంతు దిగాక కూడా నాలుక మీద ఆగే అదే వాసన. ఆయన చెయ్యి ఏమీ మర్చిపోలేదు. వాసన పోయినా ఆ చేతికి గింజ రంగు తెలుసు, పొడి బరువు తెలుసు, డికాషన్ బొట్టు పడే చప్పుడు తెలుసు. ఈ రెండేళ్లూ చెడింది కాఫీ కాదు. నూనె నాలుకలతో తాగి, పాపం ముసలాయన అని జాలిపడింది మేము. శెట్టిగారు గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. శెట్టిగారికీ తెలిసిందని నాకు అర్థమైంది.

"ఎట్లుండాది?" అన్నాడు ఆయన. అన్నేళ్లలో ఆ మాట ఆయన ఎవరినీ అడగడం నేను వినలేదు.

"మునుపటిలాగే ఉంది అన్నా" అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. కడగడానికి వంగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"పది నిమిషాలే గదప్పా నేను అడిగింది."